మీటరు చెప్పనిది ఆయిల్ చెబుతుంది

దేశం మొత్తమ్మీద అతి చిన్న చమురు శుద్ధి కర్మాగారం మన కోనసీమలోని తాటిపాకలోనే ఉంది. 2001లో ఓఎన్‌జీసీ నడపడం మొదలుపెట్టిన ఈ మినీ రిఫైనరీ ఏడాదికి శుద్ధి చేయగలిగేది 66 వేల టన్నుల ముడిచమురు. గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో ఏటా ఆరు కోట్ల టన్నులకు పైగా శుద్ధి అవుతుంటే దాని ముందు ఇదెంత! అయినా మన బావుల్లోంచి పైకొచ్చిన చమురు మన కళ్ళముందే నాఫ్తాగా, కిరోసిన్‌గా, డీజిల్‌గా విడిపోతోంది. రాజోలు, మలికిపురం, మామిడికుదురు మండలాల్లో పెరిగిన పిల్లలకు రిగ్గు, పైపులైను, గ్యాస్ మంట కొత్త మాటలు కావు. 1995 జనవరి 8న పసర్లపూడి బావిలోంచి ఎగదన్నిన మంట రెండు నెలలు దాటినా ఆరకపోవడం చూసినవాళ్ళు ఇప్పటికీ ఊరూరా ఉన్నారు.

చమురుతో ఇంత దగ్గరి పరిచయం ఉన్న ఈ సీమలో పాత బండి కొనేటప్పుడు మాత్రం ఆయిల్ వైపు చూసేవాళ్ళు తక్కువ. తాటిపాక సెంటర్లో పాత బండి బేరం జరుగుతుంటే కాసేపు నిలబడి చూడండి. కొనేవాళ్ళు ట్యాంకు మీద గీతలు వేలితో తడిమి చూస్తారు. టైర్లు నొక్కుతారు. మీటరులో అంకెలు చదివి, ‘ఇరవై వేలే తిరిగిందటండీ’ అని తోడొచ్చిన బావగారికి చెబుతారు. హారను కొడతారు. కిక్కు కొట్టి, ఎక్సలేటరు రెండుసార్లు తిప్పి, ‘సౌండు బాగుంది’ అనుకుంటారు. ఇంజిన్ అడుగున ఉన్న ఆ లీటరో, అంతకన్నా తక్కువో ఆయిల్ సంగతి వచ్చేసరికి అమ్మేవాళ్ళు ‘మొన్ననే మార్పించామండి’ అంటారు. కొనేవాళ్ళు ‘ఆయ్’ అంటారు. దాంతో ఆ ముచ్చట ముగిసిపోతుంది.

ఆ మాటను నమ్మొద్దనే ఈ కథనం. అమ్మేవాళ్ళు అబద్ధాలకోరులని కాదు. ‘మొన్న’ అంటే ఎన్ని నెలల కిందటో వాళ్ళకే గుర్తుండదు. మీటరు తీగ తెగి ఆర్నెల్లు తిరిగిన బండ్లు ఎన్ని లేవు! రంగు కొత్తగా కొట్టించవచ్చు, సీటు కవరు మార్చవచ్చు, ఇంజిన్‌ను నీళ్ళతో కడిగి మెరిపించవచ్చు. ఆయిల్‌ను మాత్రం అంత తేలిగ్గా ముస్తాబు చేయలేరు. బండి ఎలా బతికిందో దాన్ని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఆయిల్‌ను మనం ఇంతగా మరిచిపోవడానికి ఓ కారణం ఉంది. రాజ్‌దూత్, ఎజ్డీ, పాత స్కూటర్ల కాలంలో పెట్రోలు పోయించినప్పుడల్లా 2టీ ఆయిల్ కలిపించుకోవాల్సిందే. ఆ రెండు స్ట్రోకుల ఇంజిన్లలో ఆయిల్ పెట్రోలుతో పాటే కాలిపోతుంది కాబట్టి బంకుకు వెళ్ళిన ప్రతిసారీ దాని ఊసు వచ్చేది. 1985లో హీరో హోండా సీడీ100 వచ్చింది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్. పెట్రోలు పోసి, మూత పెట్టి, ఇక మరిచిపొమ్మన్న ప్రచారం దేశమంతా మారుమోగింది. మైలేజీ మటుకు అది ముమ్మాటికీ నిజమే. 1994లో స్ప్లెండర్ వచ్చాక మన పల్లెల్లో ప్రతి మూడో అరుగు ముందూ ఆ జాతి బండే. అయితే ఆయిల్ ఇంజిన్ కడుపులోకి వెళ్ళిపోయాక కంటికి కనబడటం మానేసింది. కనబడనిది మనసులోంచీ పోయింది.

గల్ఫ్ బండి, మోత బండి, వరద బండి

కోనసీమలో చేతులు మారే పాత బండ్లలో మూడు రకాలను ముందే గుర్తుపట్టాలి. మూడింటి ఆయిల్‌ కథ మూడు రకాలుగా ఉంటుంది.

మొదటిది, ఇంటాయన దుబాయో కువైటో వెళ్ళిపోతే వసారాలో నిలబడిపోయిన బండి. రాజోలు పరిసరాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి ఉండదు. రెండేళ్ళకోసారి సెలవుకొచ్చినప్పుడు నెలరోజులు తిరుగుతుంది, మళ్ళీ గోనెపట్టా కప్పేస్తారు. మీటరులో ఎనిమిది వేలో పదివేలో ఉంటాయి. ‘అసలు తిరగలేదండి’ అన్న మాట అక్షరాలా నిజం. కొనేవాళ్ళు ఎగబడేదీ ఈ బండి కోసమే. కానీ తిరగని బండి బాగున్నట్టు కాదు. ఆయిల్‌కు కిలోమీటర్ల లెక్కే కాదు, నెలల లెక్కా ఉంది. నిలవున్న ఇంజిన్‌లోకి మన గాలిలోని తేమ చేరుతుంది, పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ లోపల చెమ్మ పడుతుంది. ఆయిల్ మొత్తం అడుక్కి జారిపోయి, సిలిండర్ గోడలూ కామ్‌షాఫ్టూ పొడిబారి ఉంటాయి. రబ్బరు సీళ్ళు గట్టిపడతాయి. అలాంటి బండిని తెచ్చీ తేగానే కిక్కు మీద కిక్కు కొట్టి, స్టార్టవగానే ఎక్సలేటరు బిగించి తిప్పడం కన్నా దానికి చేసే అపకారం మరొకటి లేదు. ముందు పాత ఆయిల్ తీసేసి కొత్తది పోయాలి. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ వేయాలి. ఇగ్నిషన్ తాళం ఆపే ఉంచి, కిక్కును చేత్తో పది పదిహేనుసార్లు మెల్లగా కదపాలి. ఆ తర్వాతే ప్లగ్గు బిగించి స్టార్టు చేయాలి. ఆ చెంచాడు కాలిపోయేదాకా కాస్త పొగ వస్తుంది, కంగారు పడొద్దు.

రెండోది మోత బండి. వెనక రెండువైపులా కొబ్బరికాయల బస్తాలో, చేపల ట్రేలో, గ్యాస్ బండలో వేసుకుని కాలువ గట్ల మీద ఒకటో గేరులో, రెండో గేరులో ఈడ్చిన బండి. కిలోమీటర్లు తక్కువే కావచ్చు. కానీ మెల్లగా, బరువుతో, గాలి తగలకుండా నడిచే ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతుంది. ఈ చిన్న ఇంజిన్లను చల్లబరిచేది బయట వీచే గాలీ, లోపల తిరిగే ఆయిలే. గాలి లేనప్పుడు భారమంతా ఆయిల్ మీదే పడుతుంది. అందుకే మోత బండి ఆయిల్ తొందరగా పలచబడి, నల్లగా మారి, కాలిన వాసన వస్తుంది. క్లచ్ ప్లేట్లు అరిగిన పొడీ అందులోనే కలుస్తుంది.

మూడోది నీళ్ళలో మునిగిన బండి. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినప్పుడు మన లంక గ్రామాల్లో ఇళ్ళలోకి నీరొచ్చింది. 1986 ఆగస్టు నాటి 35 లక్షల క్యూసెక్కుల వరద చూసినవాళ్ళు సామాన్లు అటక మీదికి చేర్చారు గానీ బండ్లను అటకెక్కించలేరు కదా! అలా మునిగిన బండిని బాగు చేయించుకుని వాడుకోవడంలో తప్పు లేదు. ఆ సంగతి చెప్పకుండా అమ్మడమే తప్పు. గుర్తులు కొన్ని ఉన్నాయి. సీటు తీసి కింద మూలల్లో చూడండి, సన్నటి ఒండ్రు అంటుకుని ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత తీస్తే లోపలి గోడల మీద మట్టి గీత కనబడుతుంది. హెడ్‌లైటు లోపలా మీటరు అద్దం లోపలా మసక పట్టి ఉంటుంది. వైర్ల కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. వీటిలో రెండు కనబడ్డాయంటే, ఆయిల్ మూత తీసి చూసేదాకా స్టార్టు చేయనివ్వకండి. సిలిండర్లో నీరుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు. బలంగా కిక్కు కొట్టినా, సెల్ఫు నొక్కినా కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం ఉంది.

నీళ్ళు కలిసిన ఆయిల్

నీళ్ళు కలిసిన ఆయిల్ చిక్కటి పాలు పోసిన టీ రంగులోకి మారుతుంది. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. మూత అడుగున మాత్రమే మీగడలాంటి లేత రంగు పూత కనబడి, గేజు పుల్లకు అంటిన ఆయిల్ మామూలుగానే ఉంటే అది మునిగిన బండి కాకపోవచ్చు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఎక్కువ భాగం సైలెన్సర్‌లోంచి పోయినా, రింగుల సందుల్లోంచి కొంత కిందికి దిగి ఆయిల్లో కలుస్తుంది. ఇంజిన్ బాగా వేడెక్కే దూరం తిరిగితే ఆ నీరు మళ్ళీ ఆవిరైపోతుంది. మన వాడకం చూడండి: తాటిపాక నుంచి రాజోలు, రాజోలు నుంచి ఇంటికి, బడి దగ్గరికి, కొట్టుకు. మూడు నాలుగు కిలోమీటర్లకు ఆపేస్తాం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కే లోపే చల్లబడిపోతుంది. పైగా వానాకాలం. అలాంటప్పుడు మూత కింద మీగడ కట్టడం మామూలే. వారానికోసారి అమలాపురం దాకానో, చించినాడ వంతెన దాటి నరసాపురం దాకానో ఆగకుండా నడిపితే చాలావరకు అదే పోతుంది. గేజు పుల్లకు అంటింది కూడా టీ రంగులోనే ఉంటే మాత్రం లోపల నీళ్ళున్నట్టే. అలాంటి బండి ఆయిల్‌ను ఒకసారి మార్చి ఊరుకుంటే కుదరదు. మార్చి, పది నిమిషాలు నడిపి, మళ్ళీ మార్చాలి. రంగు మామూలుగా వచ్చేదాకా అదే పని.

కొనేముందు పది నిమిషాలు

బండి చూడ్డానికి ఉదయాన్నే వెళ్ళండి. ‘స్టార్టు చేసి ఉంచొద్దండి, నేనొచ్చాకే చేద్దాం’ అని ముందే చెప్పండి. వెళ్ళగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉందంటే ఎవరో ముందే నడిపారు. చల్లటి ఇంజిన్ స్టార్టవడానికి ఎంత మొరాయిస్తుందో, మొదటి పొగ ఏ రంగులో వస్తుందో మీకు కనబడకుండా పోయినట్టే. నిష్ఠూరం లేకుండా, ‘సాయంత్రం వస్తాం బాబాయ్’ అని చెప్పి వచ్చేయండి.

చల్లగా ఉంటే బండిని చదునైన చోట సెంటర్ స్టాండ్ వేయించండి. సైడ్ స్టాండ్ మీద ఒరిగి ఉన్న బండిలో ఆయిల్ కొలత తప్పే చూపిస్తుంది. స్ప్లెండర్, ప్యాషన్ లాంటి వాటికి కుడివైపు ఇంజిన్ మీద మూత ఉంటుంది, దానికే గేజు పుల్ల. మూత విప్పి, పుల్లను శుభ్రమైన గుడ్డతో తుడిచి, మర తిప్పకుండా ఊరికే రంధ్రంలో ఆనించి తీయాలి. చాలామంది మర బిగించి తీస్తారు. అప్పుడు పుల్ల ఎక్కువ లోతుకు దిగి, తక్కువున్న ఆయిల్‌ను ఎక్కువగా చూపిస్తుంది. కొన్ని కంపెనీల బండ్లకు ఈ పద్ధతి వేరుగా ఉంటుంది కాబట్టి ఆ బండి పుస్తకంలో ఒకసారి చూసుకోవాలి. పల్సర్, కొత్త బుల్లెట్ లాంటి వాటికి పుల్ల ఉండదు. ఇంజిన్ పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది, ఆయిల్ మట్టం అందులోనే కనబడుతుంది. స్టార్టు చేయని చల్లటి ఇంజిన్లో ఈ చూపు ఒక అంచనాకే. అసలైన కొలతకు రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగి చూడాలి.

పుల్ల మీద రెండు గీతలుంటాయి. కింది గీతకన్నా తక్కువుంటే ఎక్కడో కారుతోంది, లేదా ఇంజిన్ తాగుతోంది, లేదా ఇన్నాళ్ళూ పట్టించుకున్నవాళ్ళు లేరు. పై గీతను దాటి ఉంటే ఇంకో అనుమానం రావాలి. పుల్లను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. పెట్రోలు వాసన గుప్పుమంటే, కార్బొరేటర్లో ఫ్లోట్ సూది సరిగా మూసుకోక, ట్యాంకు కాక్ ఆపకుండా వదిలేయడం వల్ల పెట్రోలు ఇంజిన్‌లోకి దిగుతోందన్న మాట. పాత కార్బొరేటర్ బండ్లలో ఇది తరచూ కనబడుతుంది. మట్టం నిండుగా ఉందని సంబరపడతాం గానీ పెట్రోలు కలిసిన ఆయిల్‌కు పట్టు ఉండదు, బేరింగులు తినేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో ఎక్కువ వాటికి కార్బొరేటర్ లేదు, ఇంజెక్షనే. కాబట్టి వాటికి ఈ బెడద ఉండదు.

ఆయిల్ నల్లగా ఉందని మాత్రమే బండిని వద్దనకండి. మసిని తనలో కలుపుకుని ఇంజిన్ గోడలకు అంటనివ్వకుండా ఉంచడం మంచి ఆయిల్ చేసే పనే. రెండు వేళ్ళ మధ్య రుద్ది చూడండి. జారుడు ఉండాలి. ఇసుకలా గరగరలాడితే, ఎండలో పెట్టి చూస్తే సన్నటి మెరుపులు కనబడితే, అప్పుడు ఆలోచించాలి. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఈ పేపరు ముక్క మీదే ఒక చుక్క వేసి ఓ గంట ఆగండి. చుక్క చుట్టూ మెల్లగా వలయాలు పాకితే ఇంకా కొంత జీవం ఉన్నట్టు. మధ్యలో నల్లటి ముద్దగా ఉండిపోయి, పక్కకు పాకనంటే ఆ ఆయిల్ పని ఎప్పుడో అయిపోయింది. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, కానీ బేరంలో మాటకు బలం ఇస్తుంది.

ఇక స్టార్టు చేయించి వెనక నిలబడండి. చల్లటి ఇంజిన్ మొదటి నిమిషంలో నీలం పొగ వదిలి, తర్వాత ఆగిపోతే వాల్వ్ సీళ్ళు అరిగాయి. రాత్రంతా ఒక్కో చుక్క కిందికి జారిన ఆయిల్ అప్పుడు కాలుతుంది. వేడెక్కాక, ఎక్సలేటరు ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే రింగులో బోరో పోయింది. అది వేలల్లో తేలే ఖర్చు, ఆ మేరకు ధర తగ్గాల్సిందే. చలి ఉదయాన సైలెన్సర్‌లోంచి కాసేపు తెల్లటి ఆవిరి వస్తే దానికి భయపడక్కర్లేదు.

అన్నట్టు, చప్పుడు వినబడకుండా ఉండటానికి పుస్తకంలో చెప్పిన దానికన్నా చిక్కటి ఆయిల్ పోసి అమ్మే అలవాటు ఉంది. టాపెట్ల చప్పుడు, టైమింగ్ చైన్ గలగల కొన్నాళ్ళపాటు దాని కింద అణిగిపోతాయి. మీరు తెచ్చుకుని సరైన ఆయిల్ పోశాక చప్పుడు బయటపడితే కొత్త ఆయిల్‌ను తిట్టకండి. ఆ జబ్బు ముందునుంచే ఉంది.

ఇంటికి తెచ్చాక మొదటి పని

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30, ఇన్సూరెన్సు బదిలీ వెంటనే చూసుకోండి. ఆ పనులు ఆఫీసులో అవుతుంటాయి. ఈలోగా ఇంటి దగ్గర చేయాల్సింది ఆయిల్ పూర్తిగా తీసేయడం. మట్టం తగ్గిందని పైన కొంచెం పోసి ఊరుకుంటే, పాత దాంట్లో ఉన్న మసి, లోహపు పొడి, నీరు అక్కడే ఉంటాయి.

బండిని అయిదు నిమిషాలు నడిపి వేడి చేయండి. గోరువెచ్చటి ఆయిల్ అడుగున పేరుకున్న మడ్డిని కూడా తనతో తెస్తుంది. మరీ కాలేంత వేడి వద్దు. సెంటర్ స్టాండ్ వేసి, కింద పళ్ళెం పెట్టి, పై మూత విప్పి, అడుగున ఉన్న డ్రెయిన్ నట్టు తీయాలి. హీరో హోండా జాతి బండ్లకు సాధారణంగా 17 నంబరు పాన పడుతుంది. నట్టుతో పాటు వచ్చే వాచర్ పళ్ళెంలో పడి పోకుండా చూసుకోండి. పది నిమిషాలైనా కారనివ్వాలి. బండిని అటూ ఇటూ కొంచెం వంచితే మిగిలిందీ వస్తుంది. ఆయిల్ లేకుండా కిక్కు కొట్టి ‘మిగిలింది కక్కించే’ పద్ధతిని ఎవరు చెప్పినా వినకండి. డీజిలో కిరోసినో పోసి ఇంజిన్‌ను కడిగే అలవాటూ అంతే. క్లచ్ ప్లేట్ల మధ్యా, గేర్ల మూలల్లోనూ అది మిగిలిపోయి కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది.

ఇక్కడ మన మెకానిక్ షెడ్లలో ఎవరూ చేయని పని ఒకటి చేయండి. పళ్ళెంలో పడిన పాత ఆయిల్‌ను ఒక ఖాళీ లీటరు డబ్బాలో పోసి ఎంత వచ్చిందో కొలవండి. ఈ బండి గురించి మీకు దొరికే అత్యంత నమ్మకమైన సమాచారం అదే. ఎనిమిది, తొమ్మిది వందల మిల్లీలీటర్లు ఉండాల్సిన చోట నాలుగు వందలే వస్తే, ఆ ఇంజిన్ ఎన్నాళ్ళు సగం కడుపుతో తిరిగిందో తెలిసిపోతుంది. తేదీ, మీటరు అంకె, వచ్చిన ఆయిల్ కొలత ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. తర్వాత అయస్కాంతపు ముక్క ఒకటి ఆ ఆయిల్లో తిప్పి తీయండి. బూడిద రంగు సన్నటి గుజ్జు కొంచెం అంటితే గేర్లు మామూలుగా అరిగినదే. గోటితో పట్టుకోగలిగే రవ్వలు వస్తే మెకానిక్‌కు చూపించాలి. అయస్కాంతానికి అంటకుండా అడుగున మెరిసే ముక్కలు అల్యూమినియంవి కావచ్చు, వాటినీ తేలిగ్గా తీసుకోకూడదు.

స్ప్లెండర్ తరహా 100 సీసీ ఇంజిన్లలో కారులో లాంటి కాగితం ఫిల్టర్ ఉండదు. ఒక జాలీ ఉంటుంది. దానితో పాటు కుడివైపు క్లచ్ కవరు లోపల, క్రాంకు చివర గుండ్రటి డబ్బాలాంటిది ఉంటుంది. క్రాంకుతో పాటే గిర్రున తిరుగుతూ ఆయిల్లోని మురికిని తన గోడలకు కొడుతుంది. ఏళ్ళ తరబడి తీయకపోతే అందులో మడ్డి బంకమట్టిలా గట్టిపడి ఉంటుంది. ఎన్నిసార్లు ఆయిల్ మార్చినా ఆ డబ్బా అలాగే ఉంటుంది కాబట్టి, పాత బండి కొన్న మొదటి సర్వీసులో కవరు విప్పించి అదీ, జాలీ రెండూ కడిగించండి. కొత్త ప్యాకింగ్ మీరే కొని తీసుకెళ్ళండి. చాలా షెడ్లలో అడిగితేనే ఈ పని చేస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు. పల్సర్ లాంటి వాటిలో కాగితం ఫిల్టర్ ఉంటుంది, ఆయిల్‌తో పాటే మార్చాలి.

డ్రెయిన్ నట్టుకు కొత్త వాచర్ వేసి, మొదట చేత్తోనే తిప్పుతూ బిగించండి. మర సరిగ్గా పట్టిందని తేలాకే పాన. ఇంజిన్ అడుగు అల్యూమినియం, నట్టు ఉక్కు. బలం చూపిస్తే పోయేది ఇంజిన్ మరే. పాత బండ్లలో చాలావాటికి ఆ మర ఎవరో ముందే పాడుచేసి, దారం చుట్టి, బంక పూసి బిగించి ఉంటారు. మీ బండిలోనూ అలా ఉంటే లేత్ షాపులో కొత్త మర వేయించుకోవడమే దారి. దారంతో, బంకతో నడిచే నట్టు ఒకరోజు గట్టు మీద ఊడిపోతే, అయిదు నిమిషాల్లో ఇంజిన్ పట్టేస్తుంది.

కొత్త ఆయిల్ పోసి, రెండు నిమిషాలు నడిపి, ఆగి, మట్టం చూసి, తక్కువైతే కొంచెం కొంచెంగా కలపండి. పై గీత దాటనివ్వకండి. తర్వాత 500 కిలోమీటర్లకు మళ్ళీ మొత్తం మార్చండి. ఇది దుబారా అనిపిస్తుంది. కానీ మొదటిసారి పోసిన తాజా ఆయిల్ లోపలి పాత మురికిని కడుగుతుంది. ఆ మురికితో మరో రెండు వేల కిలోమీటర్లు నడపడం ఎందుకు? రెండోసారి తీసింది కూడా కొలవండి. పోసినంత వస్తే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. 500 కిలోమీటర్లకే వంద, నూట యాభై మిల్లీలీటర్లు మాయమైతే, కారిన మరక ఎక్కడా లేకపోతే, రింగుల సంగతి తేల్చుకోవాల్సిందే.

ఆ తర్వాత ఎన్నాళ్ళకోసారి? కంపెనీ పుస్తకాలు ఎక్కువ దూరమే చెబుతాయి, షెడ్డు మెకానిక్‌లు రెండు, రెండున్నర వేలంటారు. పుస్తకంలోని లెక్క కొత్త ఇంజిన్‌కూ, సవ్యమైన వాడకానికీ. చరిత్ర తెలియని పాత బండికి, పొట్టి ప్రయాణాలకు, ఈ తేమకు 2,500 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు, ఏది ముందైతే అది అనే లెక్కే నాకు సబబుగా తోస్తుంది. ప్రతి ఆదివారం ఒకసారి పుల్ల చూడండి.

ఏ ఆయిల్ పోయాలి?

తాటిపాక రిఫైనరీలో ఇంజిన్ ఆయిల్ తయారు కాదు. దానికి ముడిచమురులోని బరువైన భాగాన్ని వేరుచేసి, మైనం తీసి, మూలనూనెగా శుద్ధి చేసే ప్రత్యేక ఏర్పాట్లు కావాలి. చెన్నై దగ్గర మనలిలోనూ, హల్దియాలోనూ అవి ఉన్నాయి. ఆ మూలనూనెలో మసిని పట్టే, తుప్పును ఆపే, అరుగుదలను తగ్గించే రసాయనాలు కలుపుతారు. వాడుతున్న కొద్దీ ముందుగా ఖర్చయిపోయేవి ఈ రసాయనాలే. అందుకే పుల్ల మీద మట్టం నిండుగా ఉన్నా ఆయిల్ పాతబడుతుంది.

డబ్బా మీద రెండు సంగతులు చదవాలి. ఒకటి 10డబ్ల్యు30, 20డబ్ల్యు50 లాంటి చిక్కదనం అంకె. మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు, రెండోది ఇంజిన్ వేడెక్కాక ఎలా పారుతుందో చెబుతుంది. ఈ కాలపు 100 సీసీ హీరో బండ్లకు 10డబ్ల్యు30, చాలా పల్సర్లకు 20డబ్ల్యు50, యూసీఈ ఇంజిన్ ఉన్న బుల్లెట్‌కు 15డబ్ల్యు50. మీ బండి పుస్తకంలో ఏముంటే అదే. ‘మన ఎండలకు చిక్కటిదే మంచిది’ అన్న సలహా సన్నటి ఆయిల్ దారులున్న చిన్న ఇంజిన్‌కు మేలు చేయదు.

రెండోది, జాసో ఎంఏ లేదా ఎంఏ2 అన్న ముద్ర. మోటార్‌సైకిల్లో ఇంజిన్, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. కారు ఆయిళ్ళలో జారుడు పెంచే మందులు కలపడం మొదలయ్యాక అవి బండ్లలో పోస్తే క్లచ్ జారడం మొదలైంది. అందుకే జపాన్ వాళ్ళు 1998లో బండ్లకోసం ఈ ప్రమాణం విడిగా పెట్టారు. ఇంట్లో కారు సర్వీసులో మిగిలిన ఖరీదైన ఆయిల్ ఉందని బండిలో పోయకండి. గేర్లు లేని స్కూటర్లకు ఎంబీ ముద్ర ఉన్నది వాడొచ్చు. వాటి వెనక చక్రం దగ్గర గేరు ఆయిల్ విడిగా ఉంటుంది, వంద మిల్లీలీటర్ల పైచిలుకు. పాత స్కూటర్ కొన్నవాళ్ళలో దాన్ని మార్చేవాళ్ళు అరుదు.

లూజు ఆయిల్ ఎంత చవకైనా వద్దు. సీలు చూసి కొనండి, మీ కళ్ళముందే విప్పించండి. ఖాళీ అయిన డబ్బాను అక్కడే కోసేయండి. మంచి డబ్బాలు పాత సామాన్ల వాళ్ళ దగ్గరికి చేరి, అందులో ఏదో నింపుకుని మళ్ళీ కొట్టుకు రావచ్చు. తొమ్మిది వందల మిల్లీలీటర్ల మామూలు ఆయిల్‌కు నాలుగైదు వందల రూపాయలవుతుంది. బోరు కొట్టించి పిస్టన్ మార్చే ఖర్చుతో పోలిస్తే అదేపాటి?

మిగతావి క్లుప్తంగా. చైనుకు వాడిన ఆయిల్ పూయకండి, అందులోని లోహపు పొడి చైన్ స్ప్రాకెట్‌ను ఆకురాయిలా తింటుంది. 90 నంబరు గేరు ఆయిల్ వాడండి. సఖినేటిపల్లి పంటు మీద గోదావరి దాటే బండ్లకు, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లకు ముందు ఫోర్కు గొట్టాల మీద తుప్పు పొక్కులు వస్తాయి. అవి ఆయిల్ సీళ్ళను కోసేస్తాయి. గొట్టం మీద తడి గీత కనబడిందంటే ఫోర్కు ఆయిల్ తగ్గుతున్నట్టే. డిస్క్ బ్రేకుంటే దాని ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చాలి. పాత బండి కొన్నప్పుడైతే వెంటనే.

పళ్ళెంలో మిగిలింది ఎక్కడికి?

వాడిన ఆయిల్‌ను 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చాయి. 2024 ఏప్రిల్ నుంచి దాన్ని వెనక్కి చేర్చే బాధ్యతను తయారీ కంపెనీల మీద కూడా పెట్టాయి. కానీ పల్లెల్లో జరిగేది మనకు తెలుసు. చెదలు పట్టకుండా దూలాలకు పూస్తారు, పాకల రాటలకు పూస్తారు, మిగిలింది బోదెలోకి వంచేస్తారు. బోదె పంట కాలువలో కలుస్తుంది. తాటిపాక ఉన్న ఈ లంకకు గోదావరి నీరు పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా డొక్కా సీతమ్మ అక్విడక్టు దాటి వస్తోంది. సేద్యానికీ, వేసవిలో మంచినీటి చెరువులు నింపుకోవడానికీ అదే నీరు. ఒక్కసారి మార్చిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. నదిని ఇంత ఎత్తున వంతెన కట్టి మోసుకొచ్చుకున్నాక, దానిలో మనమే విషం కలపడం నా మనసుకు ఎంతమాత్రం ఎక్కదు.

తీసిన ఆయిల్‌ను గరాటుతో ఒక పాత డబ్బాలోకి పోసి, మూత బిగించి, పెద్ద షెడ్డుకో కంపెనీ సర్వీసు సెంటరుకో ఇచ్చేయండి. చాలాచోట్ల వాడిన ఆయిల్‌ను డ్రమ్ముల్లో పోగుచేసి, కొనుక్కునేవాళ్ళకు అమ్ముతారు. ఇచ్చేముందు, వాళ్ళు దాన్ని రీసైక్లింగ్‌కు పంపుతారో లేదో అడగండి. నేల మీద ఒలికితే కొబ్బరి పీచు పొట్టు చల్లండి, పీల్చేస్తుంది. ఆ పొట్టునూ కాలువ వైపు ఊడ్చకండి. చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి, వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు. ఇచ్చేదాకా డబ్బా మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. నీళ్ళ సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో మాత్రం ఎప్పుడూ పోసి ఉంచకండి.